పిల్లల మీద హింస, నిర్లక్ష్యం: ఎలా గుర్తుపట్టాలి, గుర్తుపట్టాక ఏం చెయ్యాలి

ఇది టీచర్ల కోసం, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా అక్కల కోసం, పక్క ఫ్లాట్‌లో ఉండేవాళ్ళ కోసం, మేనత్తలు, బాబాయిల కోసం, అంటే పిల్లల్ని రోజూ చూసే పెద్దవాళ్ళందరి కోసం రాస్తున్నాను. మనలో చాలామంది ఊరుకునేది అనుమానం రాక కాదు. అనుమానం వచ్చాక ‘రుజువేదీ, రేపు తప్పని తేలితే వాళ్ళ మొహం ఎలా చూడాలి’ అని తమను తామే ఆపేసుకుంటారు. రుజువు వెతకడం మన పని కాదు, దానికి వేరే మనుషులున్నారు. మనం చూసిందీ విన్నదీ సరైన చోట చెబితే చాలు, చట్టం కూడా మన నుంచి అడిగేది అంతే. అది ఎలా చెయ్యాలో వరసగా చెబుతాను.

1. ముందు దేన్ని ఏమంటారో తేల్చుకోండి

కొట్టడం, కాల్చడం లాంటి శారీరక హింస ఒకటి. తిట్టి, బెదిరించి, అవమానించి పిల్లల మనసు విరిచెయ్యడం రెండోది. లైంగిక వేధింపు మూడోది. తిండి, వైద్యం, చదువు, పెద్దవాళ్ళు కనిపెట్టుకుని ఉండటం, వీటిలో ఏదో ఒకటి అందకుండా వదిలెయ్యడం నాలుగోది, దాన్నే నిర్లక్ష్యం అంటున్నాం. ఇళ్ళల్లో ఇవి విడివిడిగా ఉండవు. రోజూ తాగొచ్చి తల్లిని కొట్టే తండ్రి పిల్లల మీద చెయ్యి వెయ్యకపోయినా, తలుపు సందులోంచి అది చూస్తూ పెరిగే పిల్లలకి దెబ్బ తగిలినట్టే.

మన దగ్గర మొదటి చిక్కు కొట్టడం దగ్గరే వస్తుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని వింటూ పెరిగాం, తొడపాశం, మొట్టికాయ, గోడకుర్చీ, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం, ఇవన్నీ సరదా జ్ఞాపకాల్లా చెప్పుకుంటాం. ‘మేం దెబ్బలు తిని బాగుపడలేదా’ అని ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు. బాగుపడినవాళ్ళే ఆ మాట అనగలరు, బెత్తానికి భయపడి ఏడో తరగతిలోనే బడి మానేసినవాళ్ళు ఆ మీటింగ్‌కి రారు కదా. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడితే, ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకి గురైనట్టు తేలింది. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, అప్పటికి రెండు రాష్ట్రాలూ ఒకటే.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, బిడ్డ ఎవరి సంరక్షణలో ఉందో వాళ్ళే కొట్టినా, వదిలేసినా, కావాలని పట్టించుకోకపోయినా 3 ఏళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పిల్లల్ని చూసుకునే సంస్థల్లో పనిచేసేవాళ్ళే ఆ పని చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ, 5 ఏళ్ళ వరకు కఠిన కారాగారం, 5 లక్షల వరకు జరిమానా.

2. ఒంటి మీద గుర్తులు చూడటం నేర్చుకోండి

ఆడుకునే పిల్లలకి దెబ్బలు తగలడం మామూలే. మోకాళ్ళు, మోచేతులు, నుదురు, గడ్డం, ఇలా ఎముక పైకి ఉండే చోట్ల కమిలితే కంగారు పడక్కర్లేదు. చెవి మీద, మెడ మీద, పొట్ట మీద, వీపు మీద, పిరుదుల మీద, తొడల లోపలి వైపు కమిలితే మాత్రం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే కింద పడితే ఆ చోట్ల అంత తేలిగ్గా దెబ్బ తగలదు. ఇంకా పాకడం కూడా రాని పసిబిడ్డకి ఎక్కడ కమిలినా సరే, ఆరోజే డాక్టర్‌కి చూపించాలి.

వస్తువు ఆకారం కూడా చర్మం మీద అచ్చు పడుతుంది. మడిచిన చార్జర్ వైరుతో కొడితే లాడం ఆకారంలో గీత తేలుతుంది. వేడినీళ్ళు పొరపాటున మీద పడితే చిమ్మినట్టు అడ్డదిడ్డంగా కాలుతుంది, కాలు పట్టుకుని ముంచితే మేజోడు తొడిగినట్టు ఒకే ఎత్తున గీత గీసినట్టు ఉంటుంది. అట్లకాడ వాత అయితే చూడగానే తెలిసిపోతుంది. కొన్ని ఊళ్ళల్లో కామెర్లకనీ, కడుపు ఉబ్బరానికనీ పసిపిల్లలకి ఇంకా వాతలు పెట్టిస్తున్నారు. ప్రేమతోనే చేయిస్తారు, అయినా అది బిడ్డని కాల్చడమే, మంచి మాటలతో చెప్పి ఆపించాల్సిందే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుం కింద, పిరుదుల మీద నీలంగా మచ్చలుంటాయి, కొన్నేళ్ళకి వాటంతటవే పోతాయి. అవి దెబ్బలు కావు. కమిలిన చోటు రోజులు గడిచేకొద్దీ రంగు మారుతుంది, ఈ మచ్చలు అలా రోజుల్లో మారవు, ఆ తేడా గుర్తుంచుకోండి.

దెబ్బ కంటే ఎక్కువ చెప్పేది దాని వెనక కథ. నడక రాని బిడ్డకి తొడ ఎముక విరిగితే ‘మంచం మీంచి పడింది’ అంటారు, అమ్మ ఒకటి చెబుతుంది, నానమ్మ ఇంకోటి చెబుతుంది, దెబ్బ తగిలి రెండు రోజులయ్యాక ఆసుపత్రికి తెస్తారు, ప్రతిసారీ కొత్త ఆసుపత్రి. ఆర్‌ఎంపీ దగ్గర్నుంచి కార్పొరేట్ ఆసుపత్రి డాక్టర్ దాకా అందరూ గమనించాల్సింది ఇదే.

ప్రవర్తన విషయంలో ఒక్క లక్షణం పట్టుకుని తీర్మానించకండి, మార్పు చూడండి. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్ళీ తడపడం, మే నెల ఎండలో కూడా పొడుగు చేతుల స్వెట్టర్ విప్పకపోవడం, మీరు సుద్దముక్క అందుకోవడానికి చెయ్యి ఎత్తితే తల కాచుకోవడం, లాంగ్ బెల్ కొట్టగానే అందరూ పరిగెత్తుతుంటే ఒక్కడే సంచి సర్దుతూ సర్దుతూ ఉండిపోవడం, ఉన్నట్టుండి ‘ఆ ట్యూషన్‌కి నేను పోను’ అని మొండికెయ్యడం. వీటికి వేరే కారణాలు ఉండొచ్చు. ఉన్నాయో లేదో నెమ్మదిగా కనుక్కోండి.

3. పేదరికమా, నిర్లక్ష్యమా?

అన్నిటికంటే పొరపాటు పడేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మధ్యాహ్న భోజనంలో ఇచ్చిన గుడ్డు తినకుండా నిక్కరు జేబులో దాచుకునే మూడో తరగతి పిల్లాడిని చూశాను. పెంకు తియ్యని గుడ్డు అయితేనే తీసుకునేవాడు, ఒలిచింది జేబులో చితికిపోతుందని. అడిగితే ‘చెల్లికి సార్’ అన్నాడు. వాళ్ళమ్మ మిరప కోతలకి పక్క జిల్లా పోయింది, ఇంట్లో చూపు సరిగా ఆనని అమ్మమ్మ, మూడేళ్ళ చెల్లి. ఆ ఇంటికి కావాల్సింది పోలీసు కేసు కాదు. చెల్లిని అంగన్‌వాడీలో చేర్పించడం, రేషన్, పింఛన్ సక్రమంగా అందేలా చూడటం, అమ్మ లేని నెలల్లో సీజనల్ హాస్టల్ (వలస వెళ్ళినవాళ్ళ పిల్లల కోసం నడిపేది) దొరుకుతుందేమో కనుక్కోవడం.

తేడా ఎలా పట్టుకోవాలంటే, సాయం చేతికి అందాక ఏం జరుగుతుందో చూడండి. చెవిలో చీము కారుతున్న పిల్ల గురించి మీరు మూడుసార్లు కబురు పెట్టారు, బడికొచ్చిన ఆరోగ్య బృందం చీటీ రాసిచ్చింది, ఆసుపత్రిలో ఉచితంగా చూస్తారని చెప్పారు, తోడు రావడానికి ఆశా అక్క సిద్ధంగా ఉంది, అయినా నెలలు గడిచినా ఎవరూ కదల్లేదంటే అది చెయ్యలేకపోవడం కాదు, చెయ్యకపోవడం.

ఆ లెక్కన నిర్లక్ష్యం డబ్బున్న ఇళ్ళల్లో కూడా ఉంటుంది, అక్కడ ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు అంతే. చేతికి ఫోన్ ఇచ్చి, పనిమనిషికి అప్పగించి, వారాల తరబడి కూర్చుని మాట్లాడని ఇళ్ళున్నాయి. రెసిడెన్షియల్ కాలేజీ నుంచి ‘నాకు ఇక్కడ ఉండబుద్ధి కావట్లేదు నాన్నా, నిద్ర పట్టట్లేదు’ అని ఏడుస్తూ ఫోన్ చేసే ఇంటర్ పిల్లాడికి ‘ఫీజు కట్టేశాం, ఇంకో ఏడాది ఓర్చుకో’ అని చెప్పి పెట్టెయ్యడం కూడా నా దృష్టిలో నిర్లక్ష్యమే. ఆ ఫోన్ వస్తే ఆరోజే బస్సెక్కి వెళ్ళండి.

చిన్నపిల్లల్ని కనిపెట్టుకుని ఉండకపోవడం కూడా ఇందులోదే. మూత లేని సంపు, పిట్టగోడ లేని డాబా, ఎనిమిదేళ్ళ అక్కని బడి మాన్పించి ఏడాది తమ్ముడికి కాపలా పెట్టడం. ఇక్కడ ఇద్దరు పిల్లలకీ అన్యాయం జరుగుతోంది.

4. లైంగిక వేధింపు: పరాయివాడి కోసం వెతకకండి

ముక్కూ మొహం తెలియనివాడు చాక్లెట్ ఇచ్చి ఎత్తుకుపోతాడని పిల్లల్ని భయపెడతాం. పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, కింద పెట్టిన కేసుల్లో నిందితులు తొంభై శాతానికి పైగా పిల్లలకి తెలిసినవాళ్ళేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. బంధువు, పక్కింటివాడు, ట్యూషన్ మాస్టారు, ఆటో నడిపేవాడు, కుటుంబ స్నేహితుడు. వీళ్ళు ముందు గెలుచుకునేది పిల్లల్ని కాదు, తల్లిదండ్రుల్ని. ‘మా పిల్లలంటే ఆయనకి ప్రాణం’ అని మనచేతే అనిపించుకుంటారు, అడగకుండానే ట్యూషన్ చెబుతామంటారు, విడిగా బహుమతులిస్తారు, ‘ఇది మనిద్దరి మధ్యే’ అని చిన్న చిన్న రహస్యాలతో మొదలుపెడతారు.

మన ఇళ్ళల్లో వీళ్ళకి మంచి ముసుగు కూడా ఉంది, వరసలు. మామయ్య వరస, బావ వరస అంటూ ఆడపిల్లని బుగ్గ గిల్లడం, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, ‘నిన్ను నేనే చేసుకుంటా’ అనడం, అందరూ నవ్వడం. ఆ పిల్ల మెలికలు తిరుగుతూ తప్పించుకోవాలని చూస్తుంటే ‘మామయ్యే కదే, ఏమవుతుంది’ అని అమ్మే మళ్ళీ ముందుకు తోస్తుంది. పిల్ల వద్దంటే వద్దన్నట్టే అని ఆ గదిలో ఒక్క పెద్ద మనిషి పైకి అంటే చాలు, మిగతావాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి.

మగపిల్లల గురించి అస్సలు మాట్లాడం. పైన చెప్పిన 2007 అధ్యయనంలో 53.22 శాతం పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు, అలా చెప్పినవాళ్ళలో సగానికి పైగా మగపిల్లలే. 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 18 ఏళ్ళలోపు అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకేలా వర్తిస్తుంది. బట్టల మీంచి తాకాడు కాబట్టి నేరం కాదన్న వాదనని సుప్రీంకోర్టు 2021 నవంబర్‌లో కొట్టేసింది, తాకడం వెనక ఉద్దేశమే ముఖ్యమని చెప్పింది.

5. పిల్ల నోరు విప్పిందా, ఆ పది నిమిషాలు జాగ్రత్త

పిల్లలు మొత్తం ఒకేసారి చెప్పరు. ‘ఆ అంకుల్ మంచోడు కాదు’ అని ఒక ముక్క వదిలి మీ మొహం చూస్తారు. మీరు ఉలిక్కిపడితే, కోప్పడితే, ‘ఛ, అలా అనకూడదు’ అంటే, రెండో ముక్క ఇంకెప్పుడూ బయటికి రాదు. కాబట్టి చేతిలో పని పక్కన పెట్టి, వాళ్ళ ఎత్తుకి కూర్చుని, మామూలు గొంతుతో ‘చెప్పు నాన్నా, ఏం జరిగింది?’ అనండి. తర్వాత ‘ఊ’, ‘అప్పుడేమైంది?’, అంతే. ‘అక్కడ చెయ్యి వేశాడా?’ అని మీరే మాట అందించొద్దు, రేపు కోర్టులో ‘టీచరే చెప్పించింది’ అని డిఫెన్స్ లాయర్ అంటాడు. ‘ముందే ఎందుకు చెప్పలేదు’, ‘నువ్వెందుకు వెళ్ళావు అక్కడికి’ అని అస్సలు అడగొద్దు.

ఆ పిల్ల తప్పకుండా అడిగే మాట ఒకటుంది, ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి’. వెయ్యకండి. వేసి తప్పితే ఆ పిల్లకి ఇంక నమ్మడానికి ఎవరూ మిగలరు. ‘ఒట్టు వెయ్యలేను కన్నా, నిన్ను కాపాడాలంటే ఒకరిద్దరికి చెప్పాలి, ఎవరికి చెప్పినా ముందు నీకు చెప్తాను’ అనండి. ఇంకో రెండు మాటలు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. ‘నేను నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పేం లేదు.’

ఇక ఆ పిల్లని ఒకరి తర్వాత ఒకరు కూర్చోబెట్టి అడగడం వద్దు. హెచ్‌ఎం ముందు ఒకసారి, పెద్దమ్మ ముందు ఒకసారి, సర్పంచ్ ముందు ఒకసారి చెప్పిస్తే, చెప్పిన ప్రతిసారీ ఆ పిల్ల మళ్ళీ అనుభవిస్తుంది. నిందితుణ్ణి పిలిపించి ఎదురెదురుగా నిలబెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకండి.

6. అదే రోజు రాసుకోండి

తేదీ, సమయం, ఎక్కడ చెప్పింది, ఏ మాటలతో చెప్పింది. ఒంటి భాగాలకి పిల్ల ఏ పేరు వాడితే ఆ పేరే రాయండి, సభ్యంగా ఉండాలని మార్చకండి. దెబ్బలయితే ఎక్కడ, ఎంత, ఏ రంగులో ఉందో రాయండి. మీ అభిప్రాయాలు అందులో కలపొద్దు. ఒక పేజీ చాలు.

7. ఎవరికి చెప్పాలి

ఇప్పటికిప్పుడు ప్రాణాపాయం ఉంటే 112. లేకపోతే 1098, పిల్లల హెల్ప్‌లైన్, రోజంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు, పిల్లలే నేరుగా చేసుకోవచ్చు కూడా. 1996లో ముంబైలో మొదలైన ఈ సేవని ఇప్పుడు మహిళా శిశు సంక్షేమ శాఖే నడుపుతోంది. బిడ్డ వయసు, ఉండే చోటు, మీరు చూసింది ఏంటి, ఇప్పుడు ప్రమాదంలో ఉందా, ఇవి అడుగుతారు. మీ పేరు బయటపెట్టొద్దని చెప్పొచ్చు. జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ ఉంటుంది, ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, రక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయాలు వాళ్ళవే.

లైంగిక వేధింపు అయితే చెప్పాలా వద్దా అనే ప్రశ్నే లేదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసినా, అనుమానం ఉన్నా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, సంస్థకి బాధ్యుడైన వ్యక్తి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెడితే ఏడాది వరకు. ‘స్కూలు పేరు పోతుంది’ అనే యాజమాన్యాలకి ఈ రెండు సెక్షన్లూ గట్టిగా చదివి వినిపించండి. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసులు పెట్టకుండా 19వ సెక్షన్ రక్షణ కూడా ఇస్తుంది. ‘మా పరిధి కాదు’ అని స్టేషన్‌లో అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లోనైనా నమోదు చెయ్యాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ఊళ్ళల్లో ఈలోపే పెద్దమనుషుల పంచాయతీ పెట్టేస్తారు. ఇంత డబ్బు ఇప్పిస్తాం, పిల్ల పెళ్ళి ముందుంది, గుట్టుగా పోనివ్వండి అంటారు. పోక్సో కేసులో రాజీకి చట్టం ఒప్పుకోదు, పంచాయతీలో రాసుకున్న కాగితం కోర్టులో పనికిరాదు. ఆ మనిషి మాత్రం అదే ఊళ్ళో, ఇంకో ఇంటి పిల్లల మధ్య తిరుగుతూ ఉంటాడు.

8. ఆసుపత్రి, స్టేషన్, కోర్టు

లైంగిక దాడి జరిగి మూడు రోజుల్లోపు అయితే స్నానం చేయించకుండా తీసుకెళ్ళండి, అప్పుడు వేసుకున్న బట్టలు ఉతకకుండా కాగితం కవర్లో పెట్టండి, ప్లాస్టిక్ వద్దు, తేమకి పాడవుతాయి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, అవైనా, గర్భం రాకుండా ఇచ్చేవైనా ఎంత తొందరైతే అంత మంచిది. ప్రభుత్వ ఆసుపత్రైనా, ప్రైవేటైనా వెంటనే ఉచితంగా చికిత్స చెయ్యాలి, ఎఫ్‌ఐఆర్ లేదని వెనక్కి పంపకూడదు. ఆడపిల్లని మహిళా డాక్టరే పరీక్షించాలి, అమ్మో, బిడ్డ నమ్మే ఇంకొకరో పక్కనుండాలి. చాలా రోజులైపోయినా వెళ్ళండి, వైద్యం అవసరం అప్పుడూ ఉంటుంది.

బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనో, తను కోరిన చోటో తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా. రాత్రిపూట బిడ్డని స్టేషన్‌లో ఉంచకూడదు. తెలంగాణలో భరోసా కేంద్రాలున్న చోట వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద దొరుకుతాయి, మొదటిది హైదరాబాద్‌లో 2016లో పెట్టారు. మిగతా చోట్ల మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి సఖి వన్ స్టాప్ సెంటర్ అడగండి. కేసు నడిచినన్నాళ్ళూ తోడుండటానికి బాలల సంక్షేమ కమిటీ ఒక సహాయక వ్యక్తిని కేటాయిస్తుంది, కేటాయించకపోతే రాసివ్వండి. కేసు తేలేదాకా ఆగక్కర్లేదు, మధ్యంతర పరిహారం కూడా అడగొచ్చు.

ఫిర్యాదు చెయ్యగానే బిడ్డని హోమ్‌లో వేసేస్తారని చాలామంది భయం. హోమ్ ఆఖరి మార్గంగానే ఉండాలని చట్టం చెబుతోంది, ముందు సొంత కుటుంబం, తర్వాత బంధువులు. పేదరికమే కారణమైతే కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకి నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టాలి.

9. మీ చెయ్యే లేస్తుంటే

ఇది చదువుతూ కొందరికి సొంత ఇల్లు గుర్తొచ్చి ఉంటుంది. మీరు చెడ్డ తల్లో తండ్రో అని నేననడం లేదు, కానీ ఇప్పుడే ఆపాలి. పసిబిడ్డ ఎంతకీ ఏడుపు ఆపక పిచ్చెక్కుతుంటే, ఎప్పుడూ పట్టుకుని కుదపొద్దు, మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు. బిడ్డని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, గది బయటికొచ్చి ఐదు నిమిషాలు ఆగండి, ఎవరికైనా ఫోన్ చెయ్యండి. ఏడుపు వల్ల బిడ్డకేం కాదు. పెద్ద పిల్లల మీద కోపం వచ్చినప్పుడు కూడా ముందు మీరే ఆ గదిలోంచి బయటికి రండి. రోజూ ఇదే పరిస్థితి అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.

10. ఆ తర్వాత

బిడ్డ మళ్ళీ బడికొచ్చినప్పుడు జాలిగా చూడకండి, ప్రత్యేకంగా ముందు బెంచీలో కూర్చోబెట్టకండి, హోంవర్క్ చెయ్యకపోతే అందరినీ అడిగినట్టే అడగండి. స్టాఫ్ రూమ్‌లో కూడా ఆ విషయం ఎత్తొద్దు. ఊరి వాట్సాప్ గ్రూపులో ‘న్యాయం జరగాలి’ అని బిడ్డ ఫొటో, పేరు, బడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఏ ఒక్కటి పెట్టినా నేరమే. ఎవరైనా ఇప్పటికే పెట్టి ఉంటే ఫార్వర్డ్ చెయ్యకుండా, తీసెయ్యమని వాళ్ళకి నేరుగా ఫోన్ చేసి చెప్పండి. తియ్యకపోతే అడ్మిన్‌కి చెప్పండి, ఆయనా వినకపోతే స్టేషన్‌లో ఆ కేసు చూస్తున్న అధికారికి స్క్రీన్‌షాట్ పంపించండి.